ఆవకాయ రోజున బెల్టు

లివరు గట్టిపడిన వాళ్ళందరి పొట్టకీ పరిశోధన పేరుతో ఆసుపత్రివాళ్ళు మాట్లాడే బెల్టులు కట్టిన కాలమది. ఉప్పు తిన్నా, మందు తాగినా ఆ బెల్టు తిడుతుంది. పొట్టలో చేరిన నీటికి ఇన్ఫెక్షను సోకితే అంబులెన్సును తనే పిలుస్తుంది.

అప్పలకొండ బెల్టుకి మరీ నోరెక్కువ. కానీ ఆ రోజు ఇంట్లో ఆవకాయ కలిపారు. జాడీలోకి ఎత్తేశాక బేసిన్లో మిగిలిన పిండిలో వేడన్నం కలుపుకు తినే భాగ్యం ఎవడు వదులుకుంటాడు? బెల్టు విప్పి బామ్మర్ది సూర్రావు నడుముకి కట్టేశాడు. సూర్రావుకి మందు వాసనే పడదని ఊరంతా నమ్మకం. అతని బొజ్జ పెళ్ళాం పోసే నెయ్యి చలవట.

"కాసేపు కదలకుండా కూకోరా," అని అప్పలకొండ పీట వాల్చుకున్నాడు.

తొలి ముద్ద నోటిదాకా వెళ్ళిందో లేదో, బెల్టు వీధంతా వినబడేలా అరిచింది. "అప్పలకొండ గారూ! పొట్టనీటిలో ఇన్ఫెక్షను! నిన్న కూడా తాగారు! అంబులెన్సు వస్తోంది!"

"నిన్న నాను తాగనేదు!" అని ఎర్రటి వేళ్ళతో లేచాడు అప్పలకొండ.

అతని భార్య రాములమ్మ మొగుడి ఖాళీ నడుము చూసింది. తర్వాత తమ్ముడి బొజ్జ చూసింది. ఇద్దర్నీ అంబులెన్సు ఎక్కించింది.

వేళకి చేరాడు గనక సూర్రావు బతికి బయటపడ్డాడు. ఇప్పుడు పక్కపక్క మంచాల మీద, చెరో బెల్టుతో, బావాబామ్మర్దులు ఉప్పులేని జావ తాగుతున్నారు.

"వచ్చే ఏడు ఆవకాయకి ఏటి సేద్దాం బావా?" గొంతు తగ్గించి అడిగాడు సూర్రావు.

"ఈపాలి నిజంగా తాగనోణ్ణి ఎతకాల్రా."