గద్దలా కూసే పెట్టె

పెట్టెలోంచి గద్ద కూసింది. చెరువు అంచున నిలబడ్డ కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. చెరువు యజమాని రామకోటేశ్వరరావు నవ్వి, గట్టు కింద నిలబడ్డ కాపలాదారు వైపు తిరిగాడు.

"చూశావా పెద్దబ్బాయ్? దీనికి జీతం అక్కర్లేదు, బీడీ అక్కర్లేదు."

పెద్దబ్బాయి కూడా నవ్వాడు. నవ్వక తప్పదు గనుక. కైకలూరు దగ్గరి ఆ చేపల చెరువు మీద పంతొమ్మిదేళ్ళుగా పక్షుల్ని తోలుతున్నది అతనే. ఆటోనగర్‌లో చేయించిన ఈ పెట్టె అరగంటకోసారి గద్దలా కూస్తుంది. పన్నెండు రోజులు చూసి, పనిచేస్తే దాన్ని ఉంచుకుని పెద్దబ్బాయిని మాన్పించేస్తానని యజమాని తేల్చేశాడు.

పరీక్ష చెయ్యడానికి పటమట నుంచి హెలెన్ వచ్చింది. పక్షుల నడత మీద పరిశోధన చేస్తున్న పిల్ల. పెట్టె పక్కనే పచ్చగుడ్డ గుడారంలో కూర్చుని, కూసిన ప్రతిసారీ ఎన్ని ఎగిరాయో ఎన్ని మిగిలాయో రాసుకునేది. పరీక్ష అయ్యేదాకా పెద్దబ్బాయి ఆ గట్టెక్కకూడదు.

మధ్యాహ్నం పాకలో పెద్దబ్బాయి భార్య నాగలక్ష్మి ఆమెకి చేపల పులుసుతో అన్నం పెట్టేది. కాస్త మా వైపు చూసి రాయమని రెండో రోజే అడిగింది.

"చూసిందే రాస్తాను పిన్నిగారూ," అంది హెలెన్.

మర్నాటి నుంచి పులుసులో ముక్కలు తగ్గాయి.

పెద్దబ్బాయికి మాత్రం మాట్లాడకుండా ఉండటం చేతకాదు. ఒకే కేక వింటూ ఉంటే కొంగలు దానికి అలవాటుపడి లెక్కచెయ్యడం మానేస్తాయనీ, అందుకే తను రోజుకో గట్టు, పూటకో కేక మారుస్తాననీ చెప్పాడు. కొంగ ఎగురుతుందో లేదో దాని మెడ చూసి ముందే చెప్పేవాడు. హెలెన్ అడిగి అడిగి అన్నీ రాసుకుంది.

"అలవాటుపడటానికి ఎన్నాళ్ళు పడుతుంది బాబాయ్?"

"నెల పైనే పడుద్దమ్మా. మనకేమో పన్నెండు రోజులేనాయె."

అయిదో రోజున కూడా కొంగలన్నీ ఎగిరాయి. నాగలక్ష్మి పాకలో గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. ఎనిమిదో రోజున మాత్రం సగం కదల్లేదు. పదో రోజున ఒక్కటీ ఎగరలేదు.

పన్నెండో రోజున రామకోటేశ్వరరావు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. గద్ద కూసింది. చెరువు మీది కొంగలన్నీ బారులు తీరి పెట్టె వైపే నడిచొచ్చాయి. ఒకటి దాని మీదెక్కి కూర్చుంది.

ఆయన ముఖం ఎర్రబడింది. ఇది పెద్దబ్బాయి పనేనన్నాడు. పెద్దబ్బాయి బిడ్డల మీద ఒట్టేశాడు.

"బాబాయ్ ఈ గట్టెక్కలేదండీ," అంది హెలెన్. "పన్నెండు రోజులూ నేను ఇక్కడే ఉన్నాను."

సాయంత్రానికి పెట్టె ఆటోనగర్ తిరుగుముఖం పట్టింది. హెలెన్‌ని బస్సెక్కించడానికి పెద్దబ్బాయి రోడ్డుదాకా సంచీ మోశాడు. గద్ద కూతకి ఎదురెళ్ళిన కొంగల్ని తన పంతొమ్మిదేళ్ళలో చూడలేదనీ, ఏ దేవుడు పంపాడో తెలియదనీ దారంతా చెబుతూనే ఉన్నాడు.

హెలెన్ బస్సు మెట్టు మీద ఆగి, గొంతు తగ్గించింది.

"నాలుగు రోజులు ఆ గట్టు మీదే ఎక్కువ కేకలెయ్యండి బాబాయ్. పెట్టె కూసినప్పుడల్లా వాటికి చేపలు వేసింది నేనే."