సూది చీటీ

బస్సులో కునుకు తీస్తున్న పక్కావిడ చేతిలోంచి చీటీ జారి చంద్రవ్వ కాళ్ల దగ్గర పడింది.

చంద్రవ్వ దాని మీద పాదం పెట్టింది.

ఆ ఏడాది దేశాలన్నీ తిరిగి వచ్చిన గత్తర, వాంతులతో విరేచనాలతో ఊళ్లను ఊడ్చుకుపోతోంది. సూది వేయించుకున్నట్టు చీటీ లేనిదే ఎవరినీ గోదావరి దాటనివ్వడం లేదు.

సూదులు వేసేవాళ్లు మెట్‌పల్లికి వచ్చిన రోజు చంద్రవ్వ భయపడి వడ్ల గుమ్మి వెనక దాక్కుంది.

ఇప్పుడు మందమర్రిలో బిడ్డ బాలలక్ష్మికి నెలలు నిండాయి. తొలుసూరు కాన్పు పుట్టింట్లో కావాలి. గత్తర రోజుల్లో బిడ్డ రాలేక తల్లే బయలుదేరింది.

బస్సెక్కినప్పటి నుంచి ఈ గోడు మొత్తం పక్కావిడకు చెప్పుకుంది, చీటీ లేదన్న మాట ఒక్కటి తప్ప. ఎన్ని రాత్రులు నిద్ర లేదో, ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయినా ఓపికగా విన్నది.

"ఫికర్ జెయ్యకు అవ్వా. నేను గూడ ఆడికే పోతున్న. నేను..."

మాట పూర్తికాకుండానే నిద్ర ముంచుకొచ్చి కళ్లు మూతపడ్డాయి.

గోదావరి ఇవతల బస్సు ఆగింది. చీటీలు చూసే జవాను ఎక్కాడు.

చంద్రవ్వ కాలి కింది చీటీ తీసి చూపించింది. అతను పేరు చదవలేదు, ముద్ర చూసి ఇచ్చేశాడు.

పక్కావిడ ఉలిక్కిపడి లేచి కొంగుముడి విప్పింది, సంచి కుమ్మరించింది, సీటు కింద తడిమింది.

"అవ్వా, జర లేస్తవా? నా చీటీ గీడనే పడ్డట్టుంది."

చంద్రవ్వ లేచి నిలబడింది. నడుముకు దోపిన చీటీ నిప్పులా తగిలింది.

"గీడ ఏం లేదు బిడ్డా."

ఆవిడను దింపారు. చీటీ లేనివాళ్లను రేకుల కొట్టంలో ఐదు రోజులు ఉంచుతారట. ఇంజను మోతలో మాటలు వినబడలేదు. ఆవిడ చేతులు జోడించడం, బస్సు వైపు చూపించడం మాత్రం కనిపించింది.

చంద్రవ్వ తల తిప్పుకుంది. ఐదు రోజులకు ఆమెకేమవుతుందిలే అనుకుంది.

మందమర్రిలో అల్లుడు మొండయ్య బస్సుకు ఎదురొచ్చాడు. అత్తను చూశాడు, ఆమె వెనక చూశాడు. పొద్దుటి నుంచి బాలలక్ష్మి నొప్పులు పడుతోందనీ, కడుపులో శిశువు అడ్డం తిరిగిందనీ చెప్పాడు.

"అత్తా, నీ ఎనుక ఇంకెవ్వలు దిగలేదా? నర్సు గీ బస్సుకే వస్తనని కబురు పంపింది."

చంద్రవ్వ నడుములోంచి చీటీ తీసి అల్లుడి చేతిలో పెట్టింది.

మొండయ్య కూడబలుక్కుని చదివాడు.

"లతీఫున్నీసా. పురుళ్లు పోసే నర్సు. మందమర్రి."