పైడమ్మ మోకాలు

విజయనగరంలో ఇప్పుడు ఎముకల డాక్టరుకీ, ఫిజియోథెరపిస్టుకీ, నర్సుకీ పాఠం ఒక్కటే. రోగి మోకాలికి ఒక పట్టీ, ముగ్గురు విద్యార్థుల మోకాళ్ళకీ పట్టీలు. రోగి నడిస్తే ఆ నొప్పి వాళ్ళకీ వస్తుంది. అది అనుభవించాకే ఎవరైనా నోరు విప్పాలి.

ఆ రోజు జూట్ మిల్లులో ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసిన పైడమ్మ వచ్చింది. కాలెలా ఉందని కొడుకు ఎప్పుడడిగినా "బాగానే ఉంది" అనేదట.

ఆమె మొదటి అడుగు వెయ్యగానే, ఎదురుగా నిలబడ్డ నర్సింగ్ విద్యార్థిని ఎస్తేరు మొహం ముడుచుకుపోయింది. పైడమ్మ అది చూసింది. రెండో అడుగుకి విద్యార్థులకి నొప్పి తగ్గిపోయింది.

"ఆపరేషన్ అక్కర్లేదు మేడమ్," అన్నాడు డాక్టరు చదువుతున్న ప్రద్యుమ్న.

"వ్యాయామాలు చాలు," అంది ఫిజియో చదువుతున్న నస్రీన్.

పాఠం చెప్పే ఉమాశశి మాత్రం పైడమ్మనే చూస్తోంది. బరువంతా గోడకున్న కమ్మీ మీద వేసి, ఆ కాలు నేలకి ఆనీ ఆనకుండా నడుస్తోంది ఆమె.

"అలా నడుస్తున్నావేంటమ్మా?"

"మరేటి సెయ్యమంతావు తల్లీ? నా నొప్పి ఈ పిల్లలకెందుకు?"

"వాళ్ళకి తెలియకపోతే నీకు తప్పు వైద్యం చేస్తారు. కమ్మీ వదిలెయ్."

ముగ్గుర్నీ పైడమ్మ వెనక నిలబెట్టింది ఉమాశశి. పైడమ్మ కమ్మీ వదిలి నడిచింది. ప్రద్యుమ్న గోడ పట్టుకున్నాడు. నస్రీన్ కళ్ళు మూసుకుంది. ఎస్తేరు చున్నీ నోట్లో కుక్కుకుంది.

"నొప్పెడతందా పిల్లలూ?" వెనక్కి తిరక్కుండానే అడిగింది పైడమ్మ.

"లేదమ్మా, బాగానే ఉంది," అన్నారు ముగ్గురూ.

పైడమ్మ ఆగిపోయింది. ఆ మాట ఎప్పుడంటారో ఆమెకి తెలుసు.