ముందే కట్టిన ఫ్లెక్సీ

అనంతగిరి గుట్టల కింద లోయలోని చిన్న ఊళ్లన్నీ రెండు రోజులు చూపించి, వీరేందర్ తన భార్య నిర్మలను రాత్రి శంషాబాద్‌కు తీసుకొస్తున్నాడు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమెను ఎక్కడికీ తిప్పింది లేదు.

ఇంటి మలుపులో కారు లైట్లు కొత్త ఫ్లెక్సీ మీద పడ్డాయి. కన్నీటి నివాళి. దండ మధ్యలో నిర్మల ఫొటో. నిన్న గుట్ట అంచున నిలబెట్టి అతను తీసిందే.

"గా ఫొటోల ఉన్నది నేనే గదా," అంది నిర్మల.

అతను కారు ఆపి, పైన విమానం చప్పుడు తగ్గేదాకా ఆగాడు. తర్వాత ఫ్లెక్సీలు కట్టే శేఖర్‌కు ఫోన్ చేశాడు.

"రేపు కట్టమంటే ఇయ్యాలనే కట్టినవేంది? సరే, ఉండనీ. తెల్లారేసరికి సరిపోతది."

తలుపుల లాకులు టక్కున పడ్డాయి. కారు వచ్చిన దారికే మళ్లింది.