శుక్రవారం మోగిన ఫోన్

వాట్‌గంజ్ బస్తీలో జయప్రకాశ్ తల్లి ఉంటున్న ఒంటిగది గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, చెప్పాల్సిన మాటని సుజన మరోసారి లోపల్లోపల అనుకుంది.

జయప్రకాశ్ చనిపోయినా సాల్ట్ లేక్ ఆఫీసులో అతని ఖాతా ఎవరూ తీసేయలేదు. అంతా ఆ ఖాతా మీదే నడిచేది, తీసేస్తే కొత్త కోడ్ సర్వర్‌కి చేరదు. అతని సీటుకొచ్చిన సుజన కొత్త కోడ్ ఎక్కించి డిప్లాయ్ చేసిన ప్రతిసారీ తెర మీద అతని పేరే వచ్చేది. దాంతోపాటు అతని తల్లి ఫోనుకి ఒక మెసేజ్ వెళ్లేది. పని ముగించుకుని బస్సులో ఇంటికి చేరేసరికి అన్నం వేడిగా ఉండాలని అతనే చేసుకున్న ఏర్పాటు అది.

సుజనకి ఆ సంగతి ఇవాళ ఖాతాని తన పేరుకి మార్చేటప్పుడే తెలిసింది. అప్పటికే ఇవాళ్టి మెసేజ్ వెళ్లిపోయింది.

"ఆంటీ, ఇన్నాళ్లూ మీకు మెసేజ్‌లు పంపింది జయప్రకాశ్ కాదు, నేను. తెలియక పంపాను. ఇకనుంచి రావు."

ఆవిడ పొయ్యి దగ్గరనుంచి లేవలేదు.

"నాకు తెల్దేటమ్మా? మావోడు శుక్రవారం కొత్త కోడ్ ఎట్టీవోడు కాదు. ఏదైనా చెడితే సెలవులు పోతాయనీవోడు. ఆడు పోయాక ఫోను శుక్రవారం కూడా మోగింది. ఆడి కుర్చీలో ఇంకెవులో కూకున్నారనుకున్నాను."

"మరి ఎవరినీ అడగలేదా?"

"ఏటడగను? మోగినప్పుడల్లా రెండు కంచాలెట్టినాను. ఆ కుర్చీలో కూకున్నోలికీ ఆకలేస్తాది గదా."

రెండో కంచంలో అన్నం పొగలు కక్కుతోంది.

"ఇన్నాల్లకి వొచ్చినావు. కూకో."