బావమరిదికి కోట తలుపు

"నీ ఆటలోంచి ఈ బటన్ తీసేయమ్మా," అన్నారు మామగారు. "ఆ రాజు బావమరిదిని నమ్మి కోట తలుపు తీశాడు, రాజ్యం మునిగింది. చరిత్ర అది. 'తలుపు తీయకు' అని ఇంకో దారి పెడతావేంటి?"

కోడలు కంప్యూటర్ ఆటలు తయారుచేస్తుంది. "ఆడేవాళ్ల ఇష్టానికి వదలాలి కదా మామయ్యగారూ. లేకపోతే ఆటెందుకు, మీ పాఠమే వింటారు."

రిటైరయ్యేదాకా ఆ రాజుని క్లాసులో దద్దమ్మ అని తిట్టిన చరిత్ర మాస్టారాయన. చిర్రెత్తుకొచ్చి మౌస్ లాక్కున్నారు. "ఇటివ్వు. తలుపు మూసేస్తే ఆట ఎంత చప్పగా ఉంటుందో చూపిస్తాను."

తెర మీద జోరు వాన. కోట బయట తడిసి ముద్దయిన బావమరిది తలుపు తీయమంటున్నాడు. మామగారు బాణం గుర్తుని 'తీయకు' మీదికి జరిపారు.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. "ఎవరండీ ఆ అబ్బాయి?"

"రాజుగారి బావమరిది. శత్రువులతో కుమ్మక్కయ్యాడు."

"అంటే రాణి తమ్ముడు." ఆవిడ తెర వైపు వంగారు. "మొన్న మా తమ్ముడొచ్చినప్పుడూ అంతేగా. గేటు దగ్గరే మాట్లాడి పంపించేశారు."

మామగారు వెనక్కి తిరగలేదు. బాణం గుర్తుని మెల్లగా పక్కకి జరిపి తలుపు తీశారు.

వాన వెలిసేలోపే కోట మీద శత్రువుల జెండా ఎగిరింది. అత్తగారు తృప్తిగా లోపలికి వెళ్లిపోయారు.

"బటన్ తీసేయమంటారా?" కోడలు నవ్వాపుకుంటూ అడిగింది.

"ఉండనీ. పాపం, ఆ రాజుకి పెళ్లయిందన్న సంగతి నేనే ఏనాడూ ఆలోచించలేదు." మామగారు గొంతు తగ్గించారు. "రాణిని మాత్రం సింహాసనం వెనక నిలబెట్టు. ఆ 'తీయకు' బటన్ ఎవడు నొక్కుతాడో చూద్దాం."