గట్టు దిగని కౌజు

జొన్నచేలో కౌజుపిట్టలు పగలూ రాత్రీ వంతులవారీగా గట్టెక్కి, డేగో నక్కో రాకుండా కాపలా కాస్తాయి. కుర్ర కౌజు మాత్రం మూడురోజులుగా గట్టు దిగలేదు, కన్ను మూయలేదు.

"నా అంత బాగా ఎవరు చూస్తారు?" అంది.

దాన్ని ఒంటరిగా వదల్లేక ముసలి కౌజూ పక్కనే మేలుకుంది.

మూడోరోజు ఎండుటాకు లేస్తే కుర్రది "డేగ!" అని అరిచింది. మబ్బునీడ పడితే మళ్లీ "డేగ!" అంది. అరిచినప్పుడల్లా గుంపంతా పొదలోకి పరుగు. సాయంత్రానికి ఒక్క పిల్ల కడుపులోనూ గింజ పడలేదు.

"అవ్వా, నువ్వూ నిద్రపోలేదుగా, నీకు డేగలు కనబడటం లేదా?" అంది కుర్రది వణుకుతూ.

"నిద్ర చాలకపోతే నీ వయసులో గుండెదడరా, నా వయసులో మతిమరుపు. ఇక దిగు."

కుర్రది దిగింది. ఇంకో కౌజు గట్టెక్కింది.

కాసేపటికి ముసలిది కసురుకుంది: "ఒరేయ్, కాపలా వదిలేసి ఇక్కడేం చేస్తున్నావు?"

కుర్రది అవ్వను పొదలోకి తీసుకెళ్లి పడుకోబెట్టి, తనూ పక్కనే కళ్లు మూసుకుంది.